‘వేరేవాళ్ళంటే ఎవురక్కా?’ అని అడిగిన వకీలప్ప

కూకో పాపా, సరింగా కూకో. ఆ ఫోను పక్కన పెట్టి ఇను. నేను చెప్పింది చెప్పినట్టే రాయల్ల.

మొన్న బేస్తవారం అనపగింజలు పితుకుతాంటిని. మీ నాయన ఫోను చేసి, "అమ్మా, బాగేపల్లి వకీలు అశ్వత్థప్ప పోయినాడంట" అనె. గింజలు చేతిలోనే ఉండిపోయె. ఆయప్పకు చెప్పల్సిన మాట ఇంగెట్లా చెప్పేది? ముందు అదే తోచె నాకు. ఏడుపు తర్వాత వచ్చె.

"కీర్తిశేషులు" అని రాసినావా? రాసుకో. వకీళ్ళు వేసే పుస్తకం కదా, పెద్ద మాటలు నువ్వు పెట్టుకో. ముచ్చట మాత్రం నాది.

ఆయప్ప కాయిదం చూసే ముందు చేను చూసేటోడు. ఒకపారి మన ఊరు చాకవేలుకు బస్సులో వచ్చి, చెప్పులు చేత పట్టుకొని మన గట్లన్నీ నడిచె. "కాయిదంలో బురద అంటదు కదక్కా, అందుకే వచ్చినా" అనె.

కంప్యూటరంటే కోపమేం లేదు ఆయప్పకు. జూనియరు పాప సుమ సాఫ్ట్‌వేరు ఒకటి తెచ్చిపెట్టె. అది ఒకొక ప్రశ్నే అడుగుతాది. మనం అవును, లేదు అంటే, చట్టం ఏమంటాదో చెప్తాది. కెంచార్లహళ్ళి ముసలాయన అప్పీలుకు ఇంగ రెండు దినాలే ఉండాదని అదే ఎచ్చరించె. వకీలప్ప మరిచే పోయింటాడు. "నాకన్నా దీనికే గ్యాపకం. రేపట్నుంచి నల్లకోటు దీనికే తొడగండి" అని అందరి ముందరే నగె.

ఇంగ నా సంగతి. మీ తాత తమ్ముని పెండ్లాము గంగమ్మ, నలభై ఏండ్లుగా మన చేన్లోనించే తన చేనికి పోతాండె. ఒకపారి ఆమె ఆవు మన రాగి పైరు మేసిందని మాటామాటా పెరిగి, ఆ దారికి కంచె వేస్తానని వకీలప్ప దగ్గరికి పోతిని. సుమ ఆ కంప్యూటరు పెట్టె తెరిచి, అది అడిగిందే నన్నడిగె, "ఈ చేన్లో వేరేవాళ్ళు నడిచే దారి ఉండాదా?" అని. లేదంటిని. గంగమ్మ మా ఇంటిదే కదా, వేరేవాళ్ళెట్లయితాది అని మనసుకు సర్దిచెప్పుకొంటిని. కంచె వేసుకోవచ్చు అనె పెట్టె.

వకీలప్ప అద్దాలు తీసి, "వేరేవాళ్ళంటే ఎవురక్కా? నేనొచ్చిన పొద్దు గంగమ్మ గడ్డిమోపుతో ఎదురొచ్చె కదా" అనె.

"పెట్టె చెప్పింది కదప్పా!"

"నువ్వు చెప్పిందే అది నీకు తిరిగి చెప్పిండాది. దానికి నీ చేను తెలీదు, నువ్వూ తెలీదు. నాకు రెండూ తెలుసు."

నాకు మండిపోయె. "ముసలోడివయినావు. మిషనుకున్న తెలివి నీకు లేదు" అని, కేసులకొచ్చినోళ్ళందరూ ఇంటాండంగానే అనేసి, కాయిదాలు గుంజుకొంటిని. చింతామణి నుంచి ఇంకో వకీల్ని పెట్టుకొని, కంచె వేస్తిని. గంగమ్మ ఆ వానాకాలమంతా మోపు నెత్తిన పెట్టుకొని వంక చుట్టి పోయె.

ఆమె కూడా తన కేసు చూడమని వకీలప్పనే అడిగిందంట. "అక్క కాయిదాలు నేను చూసినా తల్లీ, ఇంగ ఆమెకు ఎదురు నిలబడితే తప్పు" అని ఇంకో వకీల్ని చూపించినాడంట. నేను చెప్పిన అబద్ధం మాత్రం ఆయప్ప నోట రాలేదు. గంగమ్మ కేసు వేస్తే, కోర్టు పంపించిన మనిషి వచ్చి చూసె. కంచె కింద దారి, పాదాలకు అరిగి, తెల్లగా అట్లే ఉండాది. కంచె పీకించిరి. గంగమ్మే ముందు నాతో మాట కలిపె.

తర్వాత బస్టాండులో ఆయప్ప కనపడితే నేనే మొగం తిప్పుకొంటిని. ఆయప్పే దగ్గరికొచ్చి, "బాగుండావా అక్కా? రాగి ఎట్లుండాది?" అనె. తలకాయ ఊపితిని. అంతే.

కొట్టేయొద్దు, రాయి. నా పేరు పోతే పోనీ. సాఫ్ట్‌వేరు తప్పు చెప్పిందని మాత్రం రాయొద్దు. "తీరని లోటు" అని నువ్వు రాసుకొని, కింద నా మాట పెట్టు: అప్పా అశ్వత్థప్పా, ఆ పొద్దు నువ్వడిగినప్పుడు వేరేవాళ్ళెవురో నాకు తెలుసు. తెలిసే నేను...

"అక్కా, ముద్ద చల్లారిపోతాండాది! రా తిందువు!"

ఇదో, గంగమ్మ పిలుస్తాండాది. వస్తాండా గంగమ్మా, నీకూ ఒక మాట