నా మీద వచ్చిన మొట్ట కాగితం

క్రిష్ణగిరిలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేదానికి చేరినప్పుడు నాకు ఇరవై ఏడేండ్లు. తొంభైలు మొదలై కొన్నేండ్లు అయింటాయి. మాది ఉద్దనపల్లి పక్కన పల్లె. నాయన రాగులు, టమాటా పెట్టేవాడు. ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కింది నేనొకదాన్నే.

బెంగుళూరులో ఎం.ఏ. చదివేటప్పుడు మా మేడమ్ ఒకరు క్లాసులో ఒక పాత జర్మన్ ఉత్తరం గురించి చెప్పినారు. నాజీల కాలంలో ఒక చిన్న ఊరి ఇల్లాలు పోలీసులకు రాసింది అది. పక్కింటాయన రేడియోలో పరదేశం వార్తలు వింటా ఉండాడని రాసి, తన వంటింటి గోడ పలచన కాబట్టి అంతా బాగా వినబడుతుందని కింద చేర్చింది. అప్పట్లో అది నేరం, ఆయన్ని పట్టుకుపోయినారు. మళ్ళీ రాలేదు. క్లాసు అయిపోయినా నేను బెంచీ మీదనుంచి లేయలేదు. ఆ యమ్మ ఆ పొద్దు ఏం వండింది, ఉత్తరం రాసినాక చేతులు కడుక్కొని మామూలుగా అన్నం తినిందా అని ఒకటే ఆలోచన. ఆ ఆలోచనే తరవాత నా పరిశోధన అయింది. పక్కవాళ్ళ మీద మామూలు మనుషులు రాసిన ఇట్లాంటి కాగితాలు జర్మనీలో కట్టలు కట్టలుగా దాచిపెట్టినారు. మా పక్క వీటిని మొట్ట కాగితం అంటాము. పేరు లేకుండా రాసే కాగితం. పుస్తకాల తెలుగులో ఆకాశరామన్న ఉత్తరం.

"మన పక్క రాజులు లేరా, పాలెగాళ్ళు లేరా? యాడో జర్మనీవాళ్ళ గొడవ నీకేలమ్మా?" అన్నాడు నాయన. స్టాఫ్ రూములో నాకు జర్మన్ మేడమ్ అని పేరు పెట్టినారు. నవ్వనిది ఒక్క అక్కే.

అక్క అంటే మా డిపార్ట్‌మెంటులోనే నాకంటే ఎనిమిదేండ్లు పెద్దామె. పాతపేటలో బట్టల అంగడి పెట్టుకున్న తెలుగు కుటుంబం. మొదటి దినమే తన క్యారియర్‌లోనుంచి అనపగింజల పులుసు నా రాగి ముద్ద మీద పోసింది. ఆ దినంనుంచి మధ్యాహ్నం ఇద్దరం ఒక బల్లమీదే తినేది. పుస్తకాల్లో నేను చదివిన ప్రతి ఉత్తరం గురించీ ఆమెకు చెప్తా ఉంటిని. "తరవాత? వాణ్ణి ఏం చేసినారు?" అని కత వినేదానిమాదిరి అడిగేది. నా నోట్సు కార్డులు తన గుండ్రటి అక్షరాలతో సాపు రాసిచ్చేది. ఆమె కూడా ఒకప్పుడు మద్రాసులో పీహెచ్‌డీకి సీటు తెచ్చుకున్న మనిషే. పెండ్లయినాక అత్తగారింట్లో వద్దన్నారంట. ఆ మాట ఒకే సారి చెప్పింది, చెప్పి క్యారియర్ కడిగేదానికి లేచి పోయింది.

నాకు పుస్తకంలో అచ్చయిన జర్మన్ వస్తుంది కానీ ఆ కాగితాల్లోని చేతిరాత రాదు. అది ఇప్పటి జర్మన్లకే చదివేదానికి రాని పాత రాత. బెంగుళూరులో అడిగినాను, ఎవరికీ తెలీదు. దారి చూపించింది అక్కే. ఆమె తమ్ముడు హోసూరులో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆ ఫ్యాక్టరీకి మిషన్లు బిగించేదానికి ఒక జర్మన్ ఇంజనీరు వచ్చి, భార్యతో హోసూరులోనే బాడుగ ఇంట్లో ఉండాడు. అరవై దగ్గరపడిన మనిషి. వాళ్ళమ్మ ఆయనకు చిన్నప్పుడు ఆ పాత రాత నేర్పించిందంట.

"నేను తమ్ముడితో మాట్లాడినాను. శనివారం పోయి చూడు. మంచోళ్ళంట" అన్నాది అక్క.

అట్లా రెండేండ్లు ప్రతి శనివారం క్రిష్ణగిరి బస్టాండులో హోసూరు బస్సు ఎక్కేది. జర్మనీనుంచి పోస్టులో తెప్పించుకున్న నా జెరాక్సు కాగితాల మీద ఆయన భూతద్దం పెట్టి ఒక్కొక్క మాటా చదివేవాడు. భార్య పక్కన కూర్చొని కాఫీ పోసేది, కొన్ని ఉత్తరాల దగ్గర లేచి లోపలికి పోయేది. ఆమె ఆ కాలంలో చిన్న పిల్ల. వాళ్ళ వీధిలో కూడా ఎవరో రాసినారని ఒక దినం చెప్పింది. ఎవరు రాసినారని అడిగితే, "ఊర్లో అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు" అన్నాది.

తరవాత నాకు జర్మనీలో ఒక యూనివర్సిటీనుంచి ఉత్తరం వచ్చింది. ఏడాదిపాటు ఆడే ఉండి ఆ కాగితాలు చదువుకొనేదానికి స్కాలర్‌షిప్. కాలేజీవాళ్ళు సెలవు ఇచ్చి, మాకు ఆక్షేపణ లేదని ఒక కాగితం ఇస్తే చాలు. అక్క నన్ను కరుచుకొని ఏడ్చింది. ఆ దినం ఇద్దరం హోటల్లో మసాలా దోసె తిన్నాము.

అప్పుడే ఇంజనీరు భార్య మోకాలు ఆపరేషనుకు వాళ్ళ దేశం పోయింది. పోతా పోతా, "నువ్వు రావడం మానుకోవద్దు, ఆయనకు తోచదు" అని నాకే చెప్పి పోయింది. నేను పోయినాను. నాలుగు శనివారాలు. తలుపులు తెరిచే ఉంటాయి, వంటచేసే ఆమె లోపల ఉంటుంది. ఒక శనివారం ఆయన భార్య స్వెట్టరు ఒకటి తెచ్చిచ్చినాడు. ఆడి చలికి మీ ఊరి స్వెట్టర్లు ఆగవు, నీకు ఇమ్మని ఆమె ఫోనులో చెప్పింది అన్నాడు. ఆకుపచ్చది, చేత్తో అల్లింది, చెక్క గుండీలు. నేను బాడుగకుండే రూములో ఎలకలు ఎక్కువ. ఇంటికి తీసుకుపోతే పదిమందికి జవాబు చెప్పాల. అందుకే దాన్ని అక్క చేతికిచ్చి, "పోయేవరకూ నీ బీరువాలో పెట్టక్కా" అన్నాను. ఆ ఇంట్లో భార్య లేదని కూడా ఆమెకే చెప్పినాను. ఇంకెవరికీ చెప్పలేదు.

మూడు వారాలయినాక ప్రిన్సిపాల్ పిలిపించినాడు. నన్ను కూర్చోమనలేదు. నా మీద మొట్ట కాగితం వచ్చిందని, జవాబు రాసిచ్చేవరకు సెలవు సంగతి ఆగుతుందని చెప్పి ఒక జెరాక్సు చేతికిచ్చినాడు. అరవంలో టైపు కొట్టించిన కాగితం, ఒకే పేజీ. ఈ మేడమ్ ప్రతి శనివారం హోసూరులో ఒక పరదేశం మగమనిషి ఇంటికి పోతుంది, ఆయన భార్య ఊర్లో లేనప్పుడు కూడా పోతుంది, ఆయన దగ్గర బట్టలు తీసుకుంటుంది, ఆకుపచ్చ స్వెట్టరు, చెక్క గుండీలది. ఇట్లాంటామెను కాలేజీ పేరుతో జర్మనీకి పంపేది ఆడపిల్లలు చదివే చోటుకు మంచిదేనా అని చివర్లో ప్రశ్న.

గుండీల దగ్గర నా కండ్లు ఆగిపోయినాయి. మళ్ళీ మొదటినుంచి చదివినాను. ఇట్లాంటి కాగితాలు ఎన్ని వందలు చదివినానో నాకే లెక్క తెలీదు. రాసినామె ఎవరని తేల్చేదానికి నాకు ఒక్క నిమిషం పట్టలేదు.

స్టాఫ్ రూముకు వస్తే అక్క నా మొగం చూసి లేచింది. "ఏమైందమ్మా?" అన్నాది. కాగితం ఇచ్చినాను. చదివి, "ఏ పాపిష్టి ముండాకొడుకో" అని తిట్టింది. నన్ను కూర్చోబెట్టి నీళ్ళు తాపించింది. తరవాత, "జవాబు జాగర్తగా రాయాల. నేను చెప్తా, రాసుకో" అన్నాది. నేను రాసుకున్నాను. ఆయన నాకు తండ్రిలాంటివాడు అని ఆమె చెప్తే అదే రాసినాను. స్వెట్టరు సంగతి వచ్చేసరికి ఇద్దరం ఆగినాము. కొంచేపటికి, "అది వదిలేయ్, తీసుకున్నదానికి సాక్ష్యం లేదు కదా" అన్నాది అక్క. నేను తలెత్తలేదు. తలెత్తితే అడిగేస్తానని భయం. అడిగితే రేపు మధ్యాహ్నం నేను ఎవరితో కూర్చొని తినాల? ఇప్పుడు చెప్పుకోను సిగ్గుగా ఉండాది కానీ, ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన అదే.

ప్రిన్సిపాల్ నా జవాబుతో ఊరుకోలేదు. నాయన్ని పిలిపించినాడు. నాయన తలగుడ్డ చేతిలో పట్టుకొని నిలబడుకుంటే ఆ కాగితాన్ని పైకి చదివి, అర్థం కాలేదేమో అని మళ్ళీ తెలుగులో చెప్పినాడు. నాయనకు అరవం నాకంటే బాగా వచ్చు. విని తలగుడ్డ చుట్టుకున్నాడు. బయటికి వచ్చినాక బస్టాండులో టీ తాపించి, "నువ్వు తప్పు చేసి ఉండవమ్మా, నాకు తెలుసు. కానీ ఇంక ఆ ఇంటికి పోవద్దు" అన్నాడు. ఆ "కానీ" దగ్గర టీ గ్లాసు కింద పెట్టి, సరే అన్నాను.

ఇంజనీరు భార్య తిరిగి వచ్చినాక సంగతి తెలుసుకొని ప్రిన్సిపాల్‌కు ఒక ఉత్తరం రాసింది. తాను చెప్తేనే నేను వచ్చేదాన్నని, స్వెట్టరు తనదేనని. ఆ ఉత్తరాన్ని ఫైలులో కుట్టినారు. విచారణ ఎవరూ చేయలేదు, ముగించలేదు కూడా. యూనివర్సిటీ ఇచ్చిన గడువు దాటిపోయింది. నా చోట ఇంకొకరికి ఇచ్చినామని రెండు లైన్ల ఉత్తరం వచ్చింది. ఫ్యాక్టరీ పని అయిపోయి ఆ దంపతులు కూడా వెళ్ళిపోయినారు. వాళ్ళు పోయే దినం నేను హోసూరుకు పోలేదు. నాయనకు మాటిచ్చినాను కదా.

నేను పని వదల్లేదు. సెలవుల్లో బెంగుళూరులో, ఢిల్లీలో మైక్రోఫిల్ముల ముందర కూర్చున్నాను. ఒక ఏడాదిలో అయ్యేదానికి ఏడేండ్లు పట్టింది. కొత్త ప్రిన్సిపాల్ వచ్చినాక, రెండు వేల సంవత్సరం దాటినాక, ఒక ఎండాకాలం ఆరు వారాలు జర్మనీ పోయివచ్చినాను. అసలు కాగితాలు చేత్తో పట్టుకున్నాను. అందులో ఒకటి బడిపిల్లల నోటుపుస్తకంలోనుంచి చించింది. అంచున ఎవరో పిల్ల వేసిన పువ్వు బొమ్మ ఉండ్నింది. ఇంజనీరు భార్యకు ఆడనుంచి ఫోను చేసినాను. ఆయన పోయి రెండేండ్లయిందని చెప్పింది.

ఆ ఏండ్లంతా అక్కా నేనూ ఒకే బల్లమీద తింటానే ఉంటిమి. నేను ఏమీ అడగలేదు. పరిశోధన గురించి చెప్పేది మాత్రం మానేసినాను. ఆమె కూడా "తరవాత?" అని అడగడం మానేసింది. పిల్లల మార్కులు, టమాటా ధర, మోకాళ్ళ నొప్పులు, ఇవే మాటలు.

నా పుస్తకం అచ్చయి వచ్చినప్పుడు స్టాఫ్ రూములో అందరికీ స్వీట్లు పంచినాను. అక్క పుస్తకం తీసుకొని నేరుగా కృతజ్ఞతలు చెప్పిన పేజీ తిప్పింది. వేలు పెట్టి పైనుంచి కిందికి చూసుకుంటా వచ్చింది. మళ్ళీ పైకి పోయింది. తన పేరు నేను నాలుగు సార్లు రాసి నాలుగు సార్లు కొట్టేసినానని ఆమెకు తెలీదు. అందరూ క్లాసులకు పోయినాక, "నేను లేనే ఇందులో" అన్నాది.

"అక్కా, ఆ మొట్ట కాగితం నువ్వే కదా రాసింది."

ఆమె పుస్తకం మూసింది. కాదంటుందని, ఏడుస్తుందని అనుకున్నాను. రెండూ చేయలేదు.

"అప్పటినుంచీ తెలుసునా నీకు?"

"ఆ దినమే తెలుసు."

"తెలిసీ నాతో తింటా ఉంటివా ఇన్నేండ్లు?" అన్నాది. తప్పు నాదైనట్టు అడిగింది. తరవాత ఆమే చెప్పింది. "దినమూ చీర తీసేదానికి బీరువా తెరిస్తే ఆ స్వెట్టరు కనబడేది. నువ్వు పోతావు, నేను ఈడే ఉంటాను. మద్రాసు పోయేదానికే నన్ను ఎవరూ పంపలేదు. ఒక దినం ఏమైందో తెలీదు, టైపు కొట్టే అంగడికి పోయినాను." నా మొగం చూసి గొంతు గట్టిచేసుకున్నాది. "అయినా అందులో ఒక్క అబద్ధమన్నా ఉండాదా చెప్పు? పోతివా లేదా? తీసుకుంటివా లేదా?"

నా పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఈ మాట గురించే. రాసినవాళ్ళు చానామంది నిజమే రాసినారని, ఆ నిజాన్ని ఎవరి చేతికి ఇస్తా ఉండారో తెలిసే ఇచ్చినారని నేను ముప్పై పేజీలు రాసినాను. ఆమెకు అందులో ఒక్క వాక్యం కూడా చెప్పలేకపోయినాను. "నన్ను ఆ ఇంటికి పంపింది నువ్వే కదక్కా" అని మాత్రం అన్నాను. గంట కొట్టినారు. ఇద్దరికీ క్లాసు ఉండ్నింది. పోయినాము.

మరుసటి దినంనుంచి నేను లైబ్రరీలో తినేదానికి మొదలుపెట్టినాను. ఎవరూ కారణం అడగలేదు. ఇద్దరమ్మాయిలు కొత్తగా ఉద్యోగంలో చేరి ఆ బల్లమీద అక్క పక్కన కూర్చున్నారు. ఆమె వాళ్ళకు పులుసు పోస్తా ఉంటే గాజు తలుపులోనుంచి నాకు కనబడేది.

కొన్నేండ్లకు ఆమె రిటైరయింది. వీడ్కోలు సభలో డిపార్ట్‌మెంటు తరఫున మాట్లాడమని నన్నే అడిగినారు, ఎందుకంటే ఆమెకు అందరికంటే దగ్గరిదాన్ని నేనేనంట. ఆ దినం పరీక్ష డ్యూటీ కావాలని అడిగి వేయించుకున్నాను. పరీక్ష హాలు సభ జరిగే చోటుకు ఆనుకునే ఉండాది. మైకులో ఆమెను పొగిడే మాటలన్నీ వినబడినాయి. కిటికీలు మూయమని ఎవరికైనా చెప్పొచ్చు. చెప్పలేదు. చప్పట్లు అయిపోయేవరకు నిలబడి విని, తరవాత అదనపు కాగితాలు అడిగిన పిల్లలకు ఇచ్చుకుంటా పోయినాను.