హనీఫా నడిపిన బండి

కోస్గి బస్టాండుకు పోయే దారిలో నూరుద్దీన్‌కు చిన్న దుకాణం ఉండేది. రేడియో, టేప్‌రికార్డర్, గోడ గడియారం, ఏది మూగబోయినా జనం అతని దగ్గరికే తెచ్చేవారు. అతనిది తల వంచుకుని పని చేసుకునే స్వభావం. భార్య హనీఫా అందుకు పూర్తిగా వేరు. పొద్దున లేచింది మొదలు ఆమె మాటలతోనే ఇల్లు తెల్లవారేది.

హనీఫాకు ప్రాణస్నేహితురాలు సుక్కమ్మ. గొర్లు, మేకలు కాసే కుర్మోళ్ల ఇంటి మనిషి. చిన్నతనంలో హనీఫా వాళ్లకూ మేకలుండేవి. ఇద్దరూ కలిసి ఊరవతలి గుట్ట మీద తిరగని బండ లేదు, కొయ్యని సీతాఫలం లేదు. సుక్కమ్మ ఇప్పటికీ ఆ గుట్ట మీదే మేకలు మేపుతోంది. హనీఫాకు మాత్రం గుట్ట దూరమైపోయింది. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం లోలోపలే గుండెను తిన్నదని హైదరాబాదు డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేయాలన్నాడు. మెట్లు, గుట్టలు ఎక్కొద్దన్నాడు. ఆపరేషన్ మాటెత్తితే ఆమె వణికిపోయేది.

"కోసినంక నేను లేవకపోతె ఈయనకు బువ్వెవరు పెడ్తరు?" అని సుక్కమ్మతో అనేది. పిల్లలు లేరు వాళ్లకు.

తొంభై నాలుగు ఎండాకాలంలో హనీఫా తమ్ముడు అబ్దుల్ ఖాదర్ జిద్దా నుంచి సెలవు మీద వచ్చాడు. వస్తూ తన పిల్లల కోసం రిమోటుతో నడిచే ట్రక్కు బొమ్మ తెచ్చాడు. పెద్ద పెద్ద చక్రాలు, నాలుగింటికీ మోటారు ఊపు. పిల్లలు వారం తిరగకముందే దాన్ని గోడకేసి కొట్టి విరగ్గొట్టారు. ఖాదర్ దాన్ని బావ ముందు పెట్టి, "ఏమన్న పనికొస్తదేమో చూడు" అని వెళ్లిపోయాడు.

నూరుద్దీన్ ఆ సాయంత్రమే దాన్ని విప్పి బాగు చేశాడు. వాకిట్లో నేల మీద పెట్టగానే బాణంలా దూసుకుపోయింది. గడప దగ్గరున్న చిన్న రాయి తగలగానే వెల్లకిలా పడి, చక్రాలు గాల్లో గిర్రున తిప్పింది.

హనీఫా పడీ పడీ నవ్వింది. నవ్వు దగ్గులోకి, దగ్గు ఆయాసంలోకి దిగింది. కాస్త తేరుకున్నాక, "దీన్ని గుట్టెక్కిస్తవా?" అని అడిగింది.

వాళ్లిద్దరూ ఇంట్లో ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడుకునేవారు. ఆ మాట ఆమె ఏ భాషలో అడిగిందో తర్వాత అతనికి గుర్తు లేదు. ఆమె కళ్లు మాత్రం గుర్తుండిపోయాయి.

ఆ రోజు నుంచి నూరుద్దీన్‌కు వేరే ధ్యాస లేదు. ఆ బండికి వేగం ఎక్కువ, బలం తక్కువ. పాత అలారం గడియారంలోని ఇత్తడి పళ్లచక్రాలు తీసి మోటారుకూ ఇరుసుకూ మధ్య బిగించాడు. బండి చీమలా నడిచింది కానీ రాయి అడ్డొస్తే ఆగలేదు. నున్నటి ప్లాస్టిక్ చక్రాలకు సైకిల్ ట్యూబు ముక్కలు అంటించాడు. అవి నాలుగడుగులకే ఊడిపోయాయి. అరిగిన స్కూటర్ టైరు కోసి, సన్నటి తీగతో కుట్టాడు. ఈసారి రాయిని పట్టుకున్నాయి.

వానలు మొదలయ్యాక గుట్ట కింద పరీక్షలు. సైకిల్ వెనక హనీఫాను కూర్చోబెట్టుకుని మెల్లగా తీసుకెళ్లేవాడు. ఆమె గుట్ట మొదట్లో ఉన్న బండ మీద కూర్చుంటే, అతను బండి వెంట నడిచేవాడు. ఏటవాలు రాగానే బండి ముందు చక్రాలు పైకి లేచి వెనక్కి వెల్లకిలా పడేది. పైనున్న డొప్ప తీసేసి, బ్యాటరీలను ముందుకు, కిందికి మార్చాడు. చక్రాల లోపల సీసం పోశాడు. అయినా ఎగుడుదిగుళ్ల మీద ఒక చక్రం గాల్లో తేలేది.

"మేకను చూడు బావా," అంది సుక్కమ్మ, పైనుంచి దిగివస్తూ. "ముందటి కాళ్లు ఓ దిక్కు, ఎనక కాళ్లు ఓ దిక్కు. నడుమును ఎట్లంటె అట్ల తిప్పుతది. నీ బండికి నడుమే లేకపాయె."

నూరుద్దీన్ చాలాసేపు మేకలను చూస్తూ నిలబడ్డాడు. మర్నాడు బండి అడుగుభాగాన్ని మధ్యకు కోసి, నడుమ కీలు పెట్టి కలిపాడు. ఇక ముందు భాగం ఒక పక్కకు ఒరిగినా వెనక భాగం నేలను విడవలేదు. ట్రాన్సిస్టర్ రేడియో ఏరియల్ పీకి రిమోటుకు తగిలించాడు. రిమోటు హనీఫా చేతికిచ్చాడు.

దుకాణం ముందు చాయ తాగేవాళ్లు నవ్వారు. "నూరుద్దీన్ భాయ్‌కి ఈ వయసుల బొమ్మలాట పట్టుకుంది" అన్నారు. అతను పట్టించుకోలేదు.

సీతాఫలాలు పక్వానికొచ్చి కళ్లు తెరిచే రోజులకు హనీఫా చేయి తిరిగింది. ఎక్కడ ఆపాలో, ఏ రాతిని పక్కగా పట్టాలో ఆమెకు తెలిసినంత నూరుద్దీన్‌కు తెలియదు. ఆ గుట్ట ఆమె కాళ్లకు చిన్నప్పటి నుంచి తెలుసు మరి. బండి వీపున చిన్న డబ్బా కట్టి, అందులో తమలపాకులూ వక్కా పెట్టి పంపేది. పైనున్న పరుపుబండ దగ్గర సుక్కమ్మ అందుకుని, డబ్బాలో సీతాఫలం పెట్టి, "తోలుకో పిల్లా!" అని కేకేసేది. బండి బరువుకు ఊగుతూ దిగి వచ్చేది. ఆ కాలమంతా హనీఫా ముఖంలో చిన్నపిల్ల కళ ఉండింది.

దీపావళి దాటాక ఒకరోజు బండి సగం దారిలో రెండు బండల సందులో ఇరుక్కుంది. ఎంత నొక్కినా కదల్లేదు. బ్యాటరీలు అయిపోయాయేమోనని నూరుద్దీన్ కొత్తవి తేవడానికి సైకిలెక్కి దుకాణానికి వెళ్లాడు. "ఈన్నే కూసో. కదలకు" అని చెప్పి మరీ వెళ్లాడు.

తిరిగి వచ్చేసరికి బండ మీద ఎవరూ లేరు. తలెత్తి చూస్తే హనీఫా సగం దారిలో కాదు, పైన పరుపుబండ మీద సుక్కమ్మ పక్కన కూర్చుని ఉంది. ఒళ్లో బండి. చేయి ఊపుతోంది.

అతను పరుగున ఎక్కాడు. దగ్గరికి పోయేసరికి ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. నుదుటి నుంచి చెమట కారుతోంది. అయినా నవ్వుతోంది.

"సచ్చిపోదామనుకున్నవా?" అని అరిచాడు. పెళ్లయ్యాక ఆమె మీద అంత గొంతెత్తడం అదే మొదటిసారి. ఆమె నవ్వు ఆగిపోయింది. సుక్కమ్మా, అతనూ చెరో రెక్క పట్టుకుని దించారు.

ఆ తర్వాత ఆమె కాళ్లకు వాపు వచ్చింది. పడుకుంటే ఊపిరాడక, దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. మహబూబ్‌నగర్ దవాఖానలో మందులిచ్చారు. కొంచెం తేరుకున్నప్పుడల్లా, "ఒక్కసారి గుట్ట కాడికి తోలుకపో. ఎక్కను. కిందనే కూసుంట" అని బతిమాలేది. నూరుద్దీన్ బండిని అటక మీద పడేశాడు. "ఆ మాట ఎత్తకు" అన్నాడు. ఆమె రెండు మూడుసార్లు అడిగి ఊరుకుంది. అంతగా మాట్లాడే మనిషి, మెల్లగా మాట్లాడటమే తగ్గించింది.

చలికాలం నడిమధ్యలో ఒక పొద్దున హనీఫా చనిపోయింది. నూరుద్దీన్ చాయ కాచి తెచ్చేసరికి దిండుకు ఆనుకుని అలాగే ఉంది.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యేదాకా అతను దుకాణం తెరవలేదు. తర్వాత ఒకనాడు సుక్కమ్మ పాలచెంబు తీసుకుని వచ్చేసరికి, వాకిట్లో ఆ బండిని ముందు పెట్టుకుని సుత్తితో కొడుతున్నాడు. ఇత్తడి చక్రాలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

"ఏంది బావా గిది?"

"ఇదే చంపింది సుక్కమ్మా. నేనే చేసిచ్చిన. ఇది లేకపోతె ఆమె గుట్ట దిక్కు చూడకపోతుండె."

సుక్కమ్మ చెంబు కింద పెట్టి అరుగు మీద కూలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"బండి కోసం పైదాంక ఎక్కలే బావా. బండి సందుల ఇరుక్కున్నకాడికి నేను దిగొచ్చి తీసిన. అప్పటికే అది ఆడిదాంక ఎక్కొచ్చింది. ఇగో తీసుకుని దిగిపో పిల్లా అంటె, గింత దూరమొచ్చిన, పైకి తోలుకపో అన్నది. వద్దు పిల్లా, బావ కోప్పడ్తడన్న. ఇనలే. బండబండకు కూసుంట, మళ్ల లేసుకుంట ఎక్కింది. పైకొచ్చినంక నా బుజం పట్టుకోని ఊరంత చూసింది. మా ఇల్లు గదే గదా అని ఏలు పెట్టి చూపెట్టింది. ఆ దినం దానంత సంబురపడ్డ మనిషిని నేను చూడలే."

నూరుద్దీన్ సుత్తి కింద పెట్టాడు.

"నేను అరిచిన" అన్నాడు.

"భయపడి అరిచినవు. దానికి తెల్వదా?"

"తర్వాత అడిగింది సుక్కమ్మా. కిందనే కూసుంటనన్నది. తోలుకపోలే." అతను ఒక ఇత్తడి చక్రం ఏరి చేతిలోకి తీసుకున్నాడు. "నన్ను ఇడిచిపెట్టి పోతదని తోలుకపోలే. తోలుకపోకున్న పోయింది."

బయట సుక్కమ్మ మేకలు మంద విడిచి ఎవరి చేలోనో పడినట్టున్నాయి, ఎవరో తిడుతున్నారు. ఆమె లేవలేదు.

"పాలు ఇరిగిపోతయి బావా," అని చివరికి అంది, "జర కాచుకో."

నూరుద్దీన్ తల ఊపాడు కానీ, పొయ్యి దగ్గరికి పోవడానికి లేవలేకపోయాడు. సుక్కమ్మే లోపలికి వెళ్లి, హనీఫా వంటింట్లో అగ్గిపెట్టె ఎక్కడుందో ఎవర్నీ అడక్కుండా తీసుకుని, పొయ్యి వెలిగించింది.