ఇంజనుగారిని నేను ఓడించిన వైనం

మా వీధిలో ఒక పుకారు తిరుగుతోంది. మా పక్కింటి ఇంజనుగారికి కాళ్లు పట్టు తప్పాయనీ, మోకాలి ఆపరేషన్ అయిన నేనే ఆయన్ని నడకలో ఓడించాననీ. ఇది పచ్చి అబద్ధం. ఎలా తెలుసంటారా? పుట్టించింది నేనే.

ముప్ఫై నాలుగేళ్లు రైలింజను నడిపి రిటైరైన ఆ మనిషికి ఒక్కటే పిచ్చి. తాను కదిలానని చచ్చినా ఒప్పుకోడు. "నేను కుర్చీలోంచి కదిలితే ఒట్టు అక్కయ్యా. స్టేషన్లే వరసగా వచ్చి నన్ను చూసిపోయాయి" అంటాడు.

సంచీతో ఇంటికొస్తే వాళ్లావిడ నిలదీస్తుంది.

"ఇంతసేపూ ఎక్కడికెళ్లారండీ?"

"నేనెక్కడికెళ్లాను? బజారే వచ్చి పోయింది."

"వచ్చిన బజారు ఉల్లిపాయలు ఇచ్చి పోలేదా? సంచీ ఖాళీగా ఉందేం?"

ఓసారి స్కూటరుతో గేటును గుద్దాడు. "గేటే జోరుగా వచ్చి మీద పడింది" అన్నాడు నుదురు తడుముకుంటూ. నేను చదివింది ఐదో తరగతి. అయితే మాత్రం తేల్చుకోకుండా ఊరుకుంటానా? ఆ గేటు ఎంత జోరుగా రాగలదో ఊపి చూశాను. వచ్చి నా వేలు నొక్కేసింది.

తర్వాత నా మోకాలి ముచ్చట. "మూడు నెలల్లో సొంతంగా నడవకపోతే ఇక ఇంటిపట్టునే ఉండాలమ్మా" అన్నాడు డాక్టరు. ఇంటిపట్టున, నేను! ఎవరు ఎవరి మీద అలిగారో గడపగడపకూ వెళ్లి కనుక్కోకపోతే నాకు ముద్ద దిగదే!

మొదటిరోజు గేటు దాటేసరికే ఏడుపొచ్చింది. చీమలు కూడా నన్ను దాటిపోతున్నాయి. వెనక్కి తిరగబోతుంటే పక్కన ఇంజనుగారు, నా అడుక్కి అడుగు వేస్తూ.

"ఏమయ్యా తమ్ముడూ, నీ కాళ్లూ కదలట్లేదా?"

"అవునక్కయ్యా, నేనూ కదలట్లేదు."

అయ్యో పాపం అనుకున్నాను. నాకంటే దీనంగా ఉన్నవాళ్లు కనబడితే నాకు ఎక్కడలేని ఓపికా వస్తుంది. ఆ రోజు నుంచి ఆయన్ని నడిపించడానికే బయల్దేరేదాన్ని. ముందు మందుల షాపు దాకా, తర్వాత పోస్టాఫీసు దాకా. రెండో నెలలో ఒకరోజు ఆయన్ని నాలుగడుగులు దాటేశాను! "మెల్లిగా రావయ్యా, పడతావు" అని వెనక్కి తిరిగి ధైర్యం కూడా చెప్పాను. సాయంత్రానికల్లా వీధంతా టముకు వేశాను. ఆయన కాళ్లకు రాయమని వాళ్లావిడకు తైలం సీసా ఇచ్చాను. ఆవిడ నవ్వు బిగబట్టుకుని ఎందుకు పుచ్చుకుందో ఆ వేళ నాకు అర్థం కాలేదు.

మొన్న నడక ముగించి, మేడెక్కి, అలవాటు కొద్దీ కిటికీలోంచి వీధిని పరిశీలిస్తున్నాను. నన్ను ఇంటిదగ్గర దింపిన ఇంజనుగారు మళ్లీ నడకకు బయల్దేరాడు. బడిపిల్లల్ని దాటాడు. సైకిలు మీదపోయే పోస్టుమాన్‌ని దాటాడు. నాకు అరగంట పట్టిన దూరాన్ని నాలుగు నిమిషాల్లో చుట్టేశాడు! నా గెలుపు కాస్తా గాలి తీసిన టైరయింది.

గబగబా మెట్లు దిగాను. ఆ ఉక్రోషంలో గోడ పట్టుకోవడం కూడా మరిచిపోయాను. వీధి మధ్యలో ఆయన్ని ఆపేశాను.

"అంత పెద్ద రైలును పరుగెత్తించినవాడివి, రెండు నెలల పాటు నా పక్కన నత్తలా ఎందుకు పాకావయ్యా? నిజం చెప్పు!"

ఆయన చెమట తుడుచుకున్నాడు.

"రెండు బండ్లు పక్కపక్కన ఒకే జోరులో పోతుంటే, ఆ కిటికీలోవాళ్లూ ఈ కిటికీలోవాళ్లూ కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చక్కయ్యా. నేను జోరు పెంచితే నాకెవరు చెబుతారు? అన్నట్టు, ఇందాక మీరు దర్జీగారి అల్లుడు అలిగి వెళ్లిపోయాడన్నారు. సరిగ్గా అక్కడే ఇల్లొచ్చేసింది. తిరిగొచ్చాడా, లేదా?"