సగం కోసిన రోల్

మా బావ పోయిన సంగతి చుట్టాలకంటే ముందు పాలమూరులో ఆటోలకు స్టిక్కర్లు అంటించేవాళ్ళకు తెలిసింది. ఆ సాయంత్రం వాళ్ళకు అందాల్సిన సరుకు అందలేదు. ఒకాయన ఫోన్ చేసి బావను తిట్టడం మొదలుపెట్టాడు. ఎత్తింది నేను. "తిట్టన్నా, ఇయ్యాల నువ్వెంత తిట్టినా మా బావ పలుకడు," అన్నాను. ఆయన నవ్వాడు. నాలాగా ఎప్పుడూ పరాచికాలాడేవాడి నోట చావు కబురు వచ్చినా ఎవరూ నమ్మరు.

బావంటే మా అక్క పెనిమిటి. ఊరి చివర రేకుల షెడ్డులో ఆయనకొక కోత మిషన్ ఉండేది. హైదరాబాదు నుంచి నిలబెడితే రొమ్ముదాకా వచ్చే వినైల్ రోల్స్, అంటే స్టిక్కర్లు చేసే ప్లాస్టిక్ చుట్టలు, వచ్చేవి. ఒక పక్క పెద్ద రోల్ విప్పుకుంటూ, నడుమ వరుసగా బిగించిన బ్లేడ్ల గుండా సాగి, అవతలి పక్క జానెడు, బెత్తెడు వెడల్పు రోల్స్‌గా చుట్టుకునేది. బావ కోసేవాడు, అక్క కట్టలు కట్టేది, నేను దేవరకొండ దాకా దుకాణాలకు మోసేవాణ్ణి. ఆ దారుల్లో ఏ ఆటో వెనకైనా మీరు స్టిక్కర్ చూసి ఉంటే, దాని అంచు మా బావ కోసిందే కావచ్చు.

ఆయన చెవి ఎప్పుడూ బ్లేడ్ల మీదే ఉండేది. పదును ఉన్నంతసేపు మిషన్ మెత్తగా పలుకుతుంది, మొద్దుబారితే గరగరమంటుంది. మిషన్ అక్కకు అప్పజెప్పి ఆయన బయట తంబాకు నలుపుకుంటుంటే, నేను వెనక నక్కి నోటితో గరగరమనేవాణ్ణి. తంబాకు పారేసి ఉరికొచ్చి, వంగి ఒక్కో బ్లేడూ చూసేవాడు. ఒకనాడు దొరికిపోయాను. "బామ్మర్దీ, నీ నాలిక మీద గీకితె బ్లేడే మొద్దువడ్తదిరా," అన్నాడు. కోపం అంతటితో సరి. మధ్యాహ్నం సద్ది విప్పి ముందు నాకే పెట్టాడు.

బడి మానేసి, ఏ పనిలోనూ కాలు నిలవని నన్ను అక్కడ నిలబెట్టింది ఆయనే. "పని రాకుంటె రాకపాయె, నువ్వుంటె షెడ్ల సప్పుడుంటది," అనేవాడు.

బావ పట్టింపు ఒక్కటే. రోల్ మొదలుపెడితే అయిపోయేదాకా మిషన్ ఆపేవాడు కాదు. నడుమ ఆపితే రోలర్ ఒత్తుకుని వినైల్ మీద అడ్డంగా గీత పడుతుంది. చుట్టాలొచ్చినా, ఫోన్ మోగినా, "రోల్ అయిపోనియ్యి," అనేవాడు. కరెంటు పోతే మాత్రం ఏం చేయలేక, కరెంటోళ్ళను తిట్టే పని నాకు అప్పగించేవాడు.

ఆ రోజు ఆయనే ఆపాడు. కట్టలు కడుతున్న అక్క తలెత్తి చూసేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. దవాఖాన చేరేలోపే అయిపోయింది. "ఎన్నడు నడుమ ఆపనోడు ఆపిండు తమ్మీ. నాకు గప్పుడే సమజైంది," అంటుంది అక్క.

దినాలు అయిపోయినా ఆ రోల్ మిషన్ మీదే ఉండిపోయింది, ఇవతల వెడల్పుగా, అవతల పేలికలుగా. అది దిగితేనే ఇంకొకటి ఎక్కుతుంది. మిషన్ నడిస్తేనే అక్కకు బువ్వ. మిషన్ కొంటానని వచ్చినాయన, "అడ్డంగ కోసి అవతల పారెయ్యమ్మా," అన్నాడు. "దాని మీద చెయ్యేస్తె ఊకోను," అన్నది అక్క. ఆయన చెప్పులేసుకుని పోయాడు. అక్క రోజూ షెడ్డు ఊడ్చి మిషన్‌కు ఎదురుగా కూర్చునేది. ఇంట్లో అన్నం వండుతుంటే కూడా దాని చప్పుడే వినబడుతుందనేది. నాకూ వినబడుతుందని నేను చెప్పలేదు.

ఒక పొద్దున ఆ షెడ్డులో చప్పుడు లేకపోవడం ఓర్చుకోలేక, ఏం చేస్తున్నానో తెలియకుండానే నోటితో గరగరమన్నాను. ఇద్దరం ఒక్కసారే వాకిలి వైపు తిరిగాం. ఎండ తప్ప ఎవరూ లోపలికి రాలేదు.

"ఇగ రాడు గదరా," అన్నది అక్క.

"రాడక్కా."

"మరి గిట్ల కూసుంటె గా రోల్ ఎవడు కోస్తడు? లే, గా పక్కన నిలవడు. ఏషాలేస్తె చెంప పలుగుతది."

కొంగు బొడ్లో దోపి స్విచ్ వేసింది. ఇన్నాళ్ళూ రోలర్ కింద నలిగిన గీత బయటపడి బ్లేడ్ల వైపు జరిగింది.

"గా గీత ముక్క తీసేద్దామా?" అన్నాను.

"పోనియ్యి. గదిగూడ ఆయిన జేసిన పనే."

గీత బ్లేడ్ల నడుమ ముక్కలై, సన్న రోల్స్ లోపలికి చుట్టుకుపోయింది. మిషన్ వేగం అందుకుంది. ప్లాస్టిక్ అంత జోరుగా విప్పుకుంటే సన్నగా కరెంటు పుడుతుంది, దగ్గరున్నవాళ్ళ రోమాలు లేస్తాయి. అక్క చెంప పక్కన జారిన నెరిసిన వెంట్రుకలు లేచి, రోల్ వైపు సాగి, గాలి లేని ఆ షెడ్డులో అట్లాగే నిలబడ్డాయి. అక్క వాటిని వెనక్కి దువ్వుకోలేదు.