పీకేసిన నాలుగు సాళ్లు

నా భార్య గత నెల తిరుపతిలో చనిపోయింది. మూడు వారాల జబ్బు. వేరుశనగ పరిశోధనలోనే ఉద్యోగ జీవితమంతా గడిపిన మనిషి. ఐరాల వైపు రైతులకు ‘చెనిక్కాయల మేడమ్’. పరామర్శకు వచ్చినవాళ్లు ఆమె ఓపిక గురించి చెప్పారు, నవ్వు గురించి చెప్పారు. పూర్తి కాకుండా మిగిలిన ఆమె పని మాట ఎవరూ ఎత్తలేదు. అది నేను రాయాలి.

బస్టాండు దగ్గర బండి మీద ఉడకబెట్టిన కాయలు కొంటే నేను గింజ తినేవాణ్ని, ఆమె తొక్క చూసేది. లోపల నల్లబడి ఉంటే కాయ ముదిరినట్టు, తెల్లగా ఉంటే తొందరపడి పీకినట్టు. “ఇంకో పది రోజులు ఆగుంటే రైతుకు బాగుండేదండీ” అని బండివాడి ముందే అనేది. “నన్నంటే ఏం లాభం మ్మా, నేను ఉడకబెట్టేవాణ్నే” అని అతను నవ్వేవాడు.

చాలా ఏళ్ల కిందట కొలంబోలో ఒక శిక్షణకు వెళ్లింది. గదిలో తోడు పాకిస్తాన్ నుంచి వచ్చిన శాస్త్రవేత్త. ఆమెదీ వేరుశనగే. ఆమె ప్రాంతంలోనూ వానను నమ్ముకున్న సాగే. వేయించిన కాయలు బెల్లంతో తింటూ ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. విత్తనం సరిహద్దు దాటదు, పద్ధతి దాటవచ్చు. వానల్లేని బెట్టకు పైరు ఎలా తట్టుకుంటుందో చూడాలి. వాళ్ల పద్ధతిలో సాళ్ల మధ్య దూరం పెంచి ఇక్కడ నాలుగు సాళ్లు, మన పద్ధతిలో దగ్గరగా అక్కడ నాలుగు సాళ్లు. పంట చివర చూసింది చూసినట్టు ఒకరికొకరు రాసుకోవాలి.

ఇక్కడి సాళ్లు ఐరాల దగ్గర ఒక రైతు కయ్యిలో వేశారు. గుర్తు కోసం అతనే వాటికి ‘పాకిస్తాన్ సాళ్లు’ అని పేరు పెట్టాడు. ఆ పేరే కొంప ముంచింది. పైరు పూతలో ఉండగా సరిహద్దులో కాల్పులు మొదలైనాయి. ఆ వారం ఆమెతో నేనూ పొలానికి వెళ్లాను. నాలుగు సాళ్ల చోట ఖాళీ నేల ఉంది.

“ఏమైందన్నా ఇక్కడ?”

“పీకేసినా మ్మా. టీ అంగడి కాడ ఒగటే ఎగతాళి. ‘ఏమప్పా, పాకిస్తానోడు నీ కయ్యి గుత్తకు తీసుకున్నాడా’ అంటా ఉండారు. ఎన్నాళ్లు పడేది?”

“ఆ విత్తనం ఎక్కడిదనుకున్నావు?”

“ఆడిదే గదా?”

“మన తిరుపతిదే. మిగతా కయ్యంతా నువ్వు వేసిందీ అదే. వాళ్ల దగ్గర్నుంచి వచ్చింది జానెడు దూరం ఒక్కటే.”

అతను తల గోక్కున్నాడు. “అయితే నా చెనిక్కాయనే నేను పీక్కున్నానా మ్మా?”

ఆమె నవ్వింది. తరువాత గట్టు మీద కూర్చుంది.

ఆ ఏడాది నెల దాటినా చినుకు లేదు. కయ్యంతా ఎండింది. ఆ నాలుగు సాళ్లు నిలబడేవో లేదో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. అదే నష్టం. పాకిస్తాన్ శాస్త్రవేత్త దగ్గర్నుంచి ఒక్క ఉత్తరం వచ్చింది: ‘నీ సాళ్లు తీసేయమన్నారు. తీసేశాను. ఇక రాయడానికి వీలుపడదేమో.’ ఇక్కడ ఆఫీసులోనూ అదే మాట, అనుమతి లేకుండా ఏమీ రాయకూడదని.

కాల్పుల్లో పోయినవాళ్ల ఫొటోలు రెండు దేశాల పత్రికల్లోనూ వస్తాయి. రావాలి కూడా. సాళ్లు పీకేసిన రెండు పొలాల ఫొటోలు ఎక్కడా రావు. పగ ఇన్నేళ్లు నడిస్తే అది సరిహద్దు దగ్గరే ఆగదని నాకు ఐరాలలో తెలిసింది.

అప్పుడు నేను ఆమె పక్షాన నిలబడలేదు. “రిటైర్మెంటు దగ్గర పడింది, వదిలెయ్యి” అన్నాను. “నేను అడిగేది వాన సంగతండీ, ఫిరంగుల సంగతి కాదు” అంది. ప్రతి ఏడూ అనుమతికి దరఖాస్తు పెట్టింది. జవాబు రాలేదు. రిటైరైన తరువాత కూడా పెట్టింది. ఆసుపత్రిలో చివరిగా స్పష్టంగా అడిగింది ఒకటే: “ఐరాలలో విత్తే పదును అయిందా?”

కర్మలు ముగిశాక, ఆ నాలుగు సాళ్లు మళ్లీ వేయించాలని ఐరాల బస్సెక్కాను. నేను కామర్సు చెప్పిన లెక్చరర్ని, మట్టి పని తెలియదు. సాలు వంకర పోకుండా పట్టే తాడు ఒక కొస ఆ రైతే నా చేతికిచ్చాడు.

“బిర్రుగా పట్టుకో సామీ. మేడమయితే ఈపాటికి తిట్టుండేది.”

“టీ అంగడి దగ్గర అడిగితే ఏం చెప్తావు?”

“మా మేడమ్ సాళ్లని చెప్తా. ఇంగ ఎవుడన్నా పీకమంటే వాణ్నే పీకేస్తా.”

నాలుగు సాళ్లు, ఆమె చెప్పిన దూరంలోనే వేశాం. కొలంబోలో కలిసిన ఆమెకు నా భార్య ఇక లేదని తెలియాలి, ఇక్కడి పైరు సంగతీ తెలియాలి. అందుకు అనుమతి కోరుతూ నా పేరుతో దరఖాస్తు పెట్టాను. జవాబు రాకపోతే వచ్చే ఏడు మళ్లీ పెడతాను.

ఏడో రోజు ఉదయం వెళ్లి చూశాను. ముందు రోజు జల్లుకు నేల పైన పొర కట్టింది. ఆ పొర సాలు పొడవునా చిన్న చిన్న పెచ్చులుగా పైకి లేచి ఉంది. ఒక పెచ్చు కింద మొలక వంగిన తెల్లటి మెడ కనిపించింది. ముట్టుకోబోయి ఆగాను. ఆ పెచ్చు బరువు అదే మోస్తోంది.