ఉగ్గుగిన్నె వద్దన్నాడు

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. పాలసీసా కనబడగానే నా బిడ్డ కాళ్ళు ఆడిస్తుంటే నాకు ఆ సీసా మీద అసూయ కలిగేది.

మాచర్లలో కాన్పయిన కొద్దిరోజులకే నాకు చలిజ్వరం వచ్చింది. "జరం పాలు బిడ్డకు ఇసం, తాపమాక" అని మా అత్తగారు బాబును తన పక్కలోకి తీసుకున్నారు. డబ్బా పాలు మొదలయ్యాయి. బాలింత నీళ్ళు ఎక్కువ తాగకూడదని చెంబు కూడా అందకుండా పెట్టేవారు. జ్వరం తగ్గేసరికి నా పాలు ఇంకిపోయాయి. ఒళ్ళోకి తీసుకుంటే వాడు మొహం తిప్పుకొని ఏడ్చేవాడు.

తర్వాత వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఒక పొద్దున చూస్తే మాడు గుంటపడింది, ఏడుపు పీలగా వస్తోంది. మా ఆయన సాగరు డ్యాము పనిలో ఉన్నారు. అత్తగారూ నేనూ రైలెక్కి నరసరావుపేట ఆసుపత్రికి పరుగెత్తాం.

లేడీ డాక్టరు గారు డీహైడ్రేషన్ అని సెలైన్ పెట్టించారు. వాడు తేరుకున్నాక, "సీసా వల్ల ఇన్‌ఫెక్షన్ వస్తోంది. తల్లిపాలు మళ్ళీ రప్పిద్దాం" అన్నారు.

"ఎండిన బాయిలో ఊట పుట్టుద్దా డాక్టరమ్మా?" అన్నారు అత్తగారు.

"బిడ్డ చీకితే పుడుతుంది. ఆ జ్వరంలోనూ పాలు ఆపాల్సింది కాదు. ముందు ఈ అమ్మాయికి దాహం తీరా నీళ్ళివ్వండి."

సీసా మాన్పించారు. బాబు రొమ్ము చీకుతుండగా, కలిపిన డబ్బా పాలను ఉగ్గుగిన్నెతో రొమ్ము మీదుగా వాడి నోట్లోకి చుక్కలుగా జారవిడవాలట. దానికి రెండో మనిషి కావాలి. అత్తగారి ఎదుట పైట తీయాలంటే సిగ్గుతో చచ్చిపోయి గోడవైపు తిరిగాను.

"గోడకిస్తావా ఏందే పాలు? ఇటు తిరుగు. నేను కనలేదా నలుగుర్ని?"

నర్సు నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

ఇంటికొచ్చాక వాడు రెండు గుక్కలకే వదిలేసేవాడు. వెయిట్ పెరగలేదని డాక్టరు గారు డబ్బా పాలు ఇంకాస్త పెంచమన్నారు. ఇక నా పాలు రావనుకొని ఆ రోజంతా ఏడ్చాను. అత్తగారు మాత్రం నీళ్ళ చెంబు నా పక్కనే పెట్టి, గిన్నె పట్టుకొని కూర్చునేవారు. చెయ్యి లాగితే మోచేతిని మోకాలికి ఆనించుకునేవారు.

ఒక మధ్యాహ్నం చుక్క జారగానే వాడు విసుగ్గా తల విదిలించాడు. రొమ్ము మాత్రం వదలలేదు. గిన్నె పక్కకు జరిపినా గుటకలు వినబడ్డాయి. పెదవి చివర కారుతున్నవి నా పాలే.

అత్తగారు గిన్నె దించారు. "ఒరేయ్, ఇన్నాళ్ళు చాకిరీ చేయించుకొని ఇప్పుడు నా గిన్నె వద్దా నీకు?" అంటూ కళ్ళొత్తుకున్నారు.

వెయిట్ చూసుకుంటూ డాక్టరు గారు డబ్బా పాలు మెల్లగా తగ్గించి మాన్పించారు. ఇప్పుడు వాడు గడప దాటి వీధిలోకి పరుగెడుతున్నాడు. నాకు మళ్ళీ నెల తప్పింది.

ఇది చదివే తల్లులకు ఒక్క మాట. పాలు తగ్గాయని బిడ్డను రొమ్ముకు దూరం చేయకండి. డబ్బా పాలు మాన్పించేటప్పుడు డాక్టరును అడిగి, మెల్లగా తగ్గించండి.

నెల తప్పిన సంగతి నిన్న అత్తగారికి చెప్పాను. ఆవిడ నా తల నిమిరి అన్నారు:

"ఈసారి నీకు జరమొచ్చినా సరే, బిడ్డని నీ పక్కలోంచి తియ్యనమ్మా."