మడ్‌గార్డు మీద ఎర్రమట్టి

మా ఇంట్లో సైకిలు తుడిచే పని నాది. కొన్నది మా ఆయన, తొక్కేది ఆయన, తుడిచేది మాత్రం నేను. ఏలూరులో కొని, తాడేపల్లిగూడెం దాకా తొక్కుకుంటూ వచ్చి, అరుగు పక్కన నిలబెట్టి, "జాగ్రత్త, పెయింటు గీసుకుపోతుంది" అంటూ పాత పంచె ముక్క ఒకటి నా చేతిలో పెట్టారు. కత్తిపీటతో నా వేలు తెగినప్పుడు కూడా అంత కంగారు పడలేదాయన.

ఆయన మిషను బడిలో మేష్టారు. శనివారం సెలవు. తెల్లవారగానే చద్దన్నం తిని, "అలా వెళ్ళొస్తా" అని సైకిలెక్కితే దీపాలవేళకు గాని ఇల్లు చేరేవారు కాదు. ఎక్కడికండీ అంటే నవ్వేవారు. అది పంతొమ్మిది వందల ముప్ఫైల కాలం. సైకిలంటే ఆఫీసుకో, కోర్టుకో, డాక్టరు దగ్గరికో వెళ్ళడానికి. పనీపాటా లేకుండా పొద్దస్తమానం తొక్కే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నా అనుమానం అక్కడే మొదలైంది.

నేను కొల్లేటి ఒడ్డున పుట్టినదాన్ని. బురద సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు. మొదట్లో మడ్‌గార్డుకు నల్లటి ఒండ్రు అంటుకుని వచ్చేది, అందులో తుంగ పోచలు, నత్తగుల్ల ముక్కలు. అంటే నిడమర్రు మీదుగా మా పుట్టింటి వైపే తిరుగుతున్నారన్నమాట. అటువైపు ఆయన తుమ్మినా మా అమ్మకు కబురు అందుతుంది కనుక నేను నిశ్చింతగా ఉండేదాన్ని.

దసరా వెళ్ళాక మట్టి రంగు మారింది. గొలుసు నిండా ఎర్ర దుమ్ము, టైరు గాట్లలో సన్న గులకరాళ్ళు, ఒకసారి మడ్‌గార్డు లోపల ఎండిన తునికాకు. ఎర్రమట్టి అంటే మెట్ట. తునికాకు అంటే ఆ మెట్టకు కూడా అవతల, అడవి అంచు. అటువైపు మాకు చుట్టం లేడు, పక్కం లేడు. మిషను పని కూడా ఏమీ లేదు.

ఒక శనివారం ఆయన కాళ్ళు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళినప్పుడు సంచీ దులిపాను. ఏవో వేళ్ళు, ఎండుటాకులు కలిపి కట్టిన చిన్న మూట బయటపడింది. కట్టింది చీర పేలికతో. ఆకుపచ్చ చీర, పసుపు అంచు. మూట మళ్ళీ సంచీలోనే పడేసి, ఏం చేస్తారో చూద్దామని తలుపు చాటున నిలబడ్డాను. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి అటక మీద కట్టెల వెనక్కి తోసేశారు. ఆయన నిద్రపోయాక చూస్తే అక్కడ అలాంటి మూటలు గుట్టగా ఉన్నాయి. అన్నింటికీ అదే ఆకుపచ్చ పేలిక. ఒకే చీర, అంటే ఒకే మనిషి.

మరుగుమందు అనుకున్నాను. మగవాణ్ణి తిప్పుకోవడానికి ఆడవాళ్ళు అన్నంలో కలిపి పెడతారని మా ఒడ్డున పిల్లల దగ్గర్నుంచి ముసలమ్మల దాకా చెప్పుకునే మందు. మిషను వాళ్ళం, అలాంటివి నమ్మకూడదు. నేను నమ్మాను. ఆ వారమంతా ఆయనకు వడ్డిస్తూ ముఖంలోకే చూశాను. మనిషి మునుపటికంటే ఉత్సాహంగా, కాస్త రంగు తేలి కూడా ఉన్నారు. మందు పట్టేసిందనుకున్నాను.

"వచ్చే శనివారం నేనూ వస్తానండి" అన్నాను.

ఆయన ముద్ద మింగడం మర్చిపోయారు. "ఎక్కడికే? ఎండ, దుమ్ము. కారియర్ మీద అంతసేపు కూర్చుంటే నడుం పడిపోతుంది."

"పడిపోతే పడిపోతుంది లెండి."

శనివారం ఆయన సైకిలు బయటికి తీసేసరికి కారియర్ మీద బొంత మడతేసి కట్టి, దాని పక్కనే నిలబడి ఉన్నాను. వీధిలో అమ్మలక్కలంతా గుమ్మాల్లోకి వచ్చారు. కొంగు తలమీదికి లాక్కుని ఎక్కి కూర్చున్నాను. సిగ్గేసింది గాని దిగలేదు.

కాలవగట్టు వెంట కోతలైన చేలు, కుప్పలు, నీటి వాసన. అంతవరకు నాకు తెలిసిన లోకమే. తాడేపల్లిగూడెం దాటి ఉత్తరంగా పోయేకొద్దీ కాలవ తప్పుకుంది, దారి పైకి లేచింది, చక్రం కింద కంకర పటపటమనసాగింది. వరి పోయి జొన్న వచ్చింది. ఆయన ఆయాసపడుతూ తొక్కుతున్నారు. నేను వెనక కూర్చుని, దారిలో కనిపించే ప్రతి ఆకుపచ్చ చీరనూ తల తిప్పి చూస్తున్నాను.

మోట కొడుతున్న రైతు ఒకాయన మమ్మల్ని చూసి ఎడ్లను ఆపేశాడు. "మేష్టారండీ! అమ్మగారేనాండి? ఎలా ఉందండి ఇప్పుడు ఒంట్లో?" అన్నాడు.

ఎవరి ఒంట్లో? నేను మా ఆయన వైపు చూశాను. ఆయన సైకిలు ఆపి, వంగి టైరులో గాలి నొక్కి చూసుకుంటున్నారు.

"బాగానే ఉందండి" అన్నాను. రైతు నన్ను ఎగాదిగా చూశాడు. నేను బొద్దుగా ఉండేదాన్ని.

ఇంకాస్త పైకి పోతే చెట్టూ చేమా లేని బీడు. గొర్రెలు మేపుకుంటున్న ఒకావిడ పరుగున వచ్చి దారికి అడ్డంగా నిలబడింది. "ఉబ్బసం మనిషిని ఈ దుమ్ములో తీసుకొచ్చేశారేటండీ మేష్టారూ! మా అమ్మోరికి మొక్కుకున్నానమ్మా నీ కోసం. మీ దేవుడు వేరనుకో, ఏం పర్లేదు" అంటూ నా వీపు నిమిరింది.

ఆవిడ కనుమరుగయ్యేదాకా ఓపిక పట్టి, సైకిలు ఆపించి దిగాను. "ఎవరికండీ ఉబ్బసం?"

అప్పుడు చెప్పారు. మొదటిసారి ఇటు వచ్చినప్పుడు ఏం పని మీద వచ్చారని అడిగారట. పనేమీ లేదు, చూద్దామని వచ్చానంటే ఒక్కరూ నమ్మలేదు. శిస్తు పెంచడానికి చేల లెక్క చూసుకుపోయే మనిషి అన్నారు కొందరు. గొర్రెలవాళ్ళేమో అడవి గార్డు పంపిన మనిషి అన్నారు. పదిమంది చేరి హ్యాండిలు పట్టుకున్నారు. భయంతో ఆయన నోటికొచ్చింది, "మా ఆవిడకు ఉబ్బసమండీ, ఆకుమందు కోసం వచ్చాను" అని. అంతే, చేతులన్నీ వదిలేశాయట. మందిచ్చే చోటికి దారి కూడా చూపించారట. ఒకసారి మొదలైన జబ్బును వారం వారం మొయ్యక తప్పలేదు.

"నా ఉబ్బసమే దొరికిందా? మీకే ఉందని చెప్పుకోవచ్చుగా?"

"ఉబ్బసం ఉన్నవాణ్ణి ఇంతదూరం తొక్కానంటే నమ్ముతారటే?"

"అసలెందుకు రావడం?"

ఆయన బీడు వైపు చెయ్యి చూపించారు. "ఏమీ లేదే. వస్తే బాగుంటుంది" అన్నారు.

నేను నమ్మలేదు. పనిలేని మనిషిని ఆ మెట్టవాళ్ళే నమ్మనప్పుడు కట్టుకున్నదాన్ని నేనెందుకు నమ్మాలి? ఆకుపచ్చ చీర సంగతి ఇంకా తేలలేదు. "పదండి, మందిచ్చే చోటికి" అన్నాను.

కొంచెం దూరం పోయాక దారి వాగులోకి దిగింది. "గట్టిగా పట్టుకో" అన్నారు. పట్టుకునేలోగానే సైకిలు జారిపోయింది. ఆయన కాళ్ళు రెండూ పెడళ్ళ మీంచి తీసి చాచేశారు. ఎర్ర కంకర ఎగిరి మడ్‌గార్డుకు తగులుతోంది, కొంగు జారి వెనక్కి ఎగురుతోంది, చల్లటి గాలి జాకెట్టులోకి దూరుతోంది. ఆయన గట్టిగా పాడుతున్నారు, ఇంట్లో కూనిరాగం కూడా తియ్యని మనిషి! మా కొల్లేటి దేశంలో నేలంతా చదును. గట్టెక్కడం, గట్టు దిగడం తప్ప పుట్టి బుద్ధెరిగి నేను పల్లానికి జారినదాన్ని కాను. కేకేశాను. భయంతో కాదు. మరుక్షణమే నాకు ఏడుపొచ్చింది. ఇన్ని శనివారాలు ఈ సుఖం ఒక్కరే అనుభవించి, ఇంటికొచ్చి నాకు దుమ్ము తుడవమని ఇచ్చారు.

వాగవతల, అడవి మొదట్లో ఒక పాక. బయట కూర్చుని ఆకులు చెరుగుతోంది ఒక ముసలమ్మ. పండు ముసలి. కట్టుకున్నది ఆకుపచ్చ చీర, పసుపు అంచు. మూటలు కట్టడానికి చింపగా చింపగా దాని కొంగు భుజం దాటి రావడం లేదు.

నన్ను చూసి ముఖమంతా విప్పారింది. దగ్గర కూర్చోబెట్టుకుని, వీపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. "పిల్లికూతన్నది లేదు తల్లీ! మా మందు పట్టేసింది" అని సంబరపడిపోయింది. తర్వాత మా ఆయనతో, "తగ్గిపోయిందయ్యా మేష్టారూ. ఇంక మందక్కర్లేదు. ఇంతదూరం పడి రానక్కర్లేదు మీరు" అంది.

ఆయన వెళ్ళి సైకిలు హ్యాండిలు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. పని లేని మనిషికి ఆ దారిలో చోటు లేదు. నాకు జబ్బు తగ్గిందంటే ఆయన దారి మూసుకుపోయినట్టే. నేను పొద్దున బొంత కట్టుకుని బయల్దేరింది దానికోసమే. ఒక్క మాట, "అవునండి, తగ్గింది" అంటే చాలు, శనివారాలన్నీ నావి.

వాగు వైపు చూశాను. ఎర్రటి దారి పైనుంచి కిందికి తిన్నగా పడి ఉంది.

దగ్గాను. మొదటిది సరిగా రాలేదు, రెండోది బాగానే వచ్చింది. "చలిగాలి తగిలితే మళ్ళీ పట్టుకుంటోందండి" అన్నాను.

ముసలమ్మ నా ముఖంలోకి అనుమానంగా చూసింది. తర్వాత ఆయన ముఖంలోకి చూసింది. ఏమనుకుందో ఏమో, కొంగు అంచు పట్టి పర్రున చింపి, ఆకులు మూటకట్టింది. ఆయన అందుకోబోతుంటే నేను ముందుగా చెయ్యి చాచాను.

"ఒక్క మాటండి. ఈయనొక్కరే వస్తే మందివ్వకండి. నా వీపుకు చెవి పెట్టి చూసి, నా చేతికే ఇవ్వండి."

ఆయన నా వైపు తిరిగి చూశారు. నేను వెళ్ళి కారియర్ మీద బొంత సరిచేసుకున్నాను.